రోజూ సాయంత్రం వచ్చి పోయే జ్వరం: పెద్దవాళ్లలో స్టిల్స్ వ్యాధిని ఎలా గుర్తుపట్టాలి, వైద్యం ఎలా చేయించుకోవాలి

మా తమ్ముడికి ఇరవై ఏడేళ్లప్పుడు ఈ జ్వరం మొదలైంది. వాడిది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద పని. పగలంతా బాగానే ఉండేవాడు, గుంటల దగ్గరికి వెళ్లి మేత కూడా వేసొచ్చేవాడు. సాయంత్రం ఐదు దాటేసరికి వణుకు మొదలయ్యేది. రెండు దుప్పట్లు కప్పినా చలి ఆగేది కాదు. 103, ఒక్కోరోజు 104. రాత్రి పదకొండుకి చెమటలు పట్టి దిగిపోయేది. తెల్లారి ఏమీ లేనట్టే లేచి కాఫీ అడిగేవాడు.

ఇలా ఇరవై ఆరు రోజులు. ఆ రోజుల్లో ఒకరు టైఫాయిడ్ అన్నారు, ఒకరు వైరల్ అన్నారు, గుంట నీళ్లు పడలేదని ఇంకొకరు అన్నారు. చివరికి చెన్నైలో తేలింది స్టిల్స్ వ్యాధి అని. తేల్చిన డాక్టరు గారు మా దగ్గరున్న రిపోర్టుల కట్ట కంటే ముందు చూసింది ఒక క్యాలెండర్ కాగితాన్ని. మా అమ్మ పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌లో తేదీల కింద జ్వరం ఎన్నింటికి వచ్చిందో, ఎంత వచ్చిందో, ఎన్నింటికి దిగిందో రాసిపెట్టింది. ఎందుకు రాసిందంటే, మాత్ర ఎప్పుడు వేశామో మర్చిపోకుండా ఉండటానికి. ఆ కాగితమే దారి చూపింది.

నేను డాక్టర్ని కాదు. మూడేళ్లుగా తమ్ముడి ఫైలు మోస్తున్న అక్కని. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకో ఇంట్లో ఎవరైనా ఇలాగే వారాల తరబడి జ్వరంతో పడి ఉంటే వాళ్లకు దారి దొరకాలని ఇది రాస్తున్నాను. మందుల మోతాదులు తెలియడం కోసమే రాశాను, సొంతంగా వాడటానికి కాదు.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు

మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థ ఏ క్రిమీ లేకుండానే రెచ్చిపోయి, ఒళ్లంతా మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించడమే ఈ జబ్బు. జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు, గొంతు నొప్పి అన్నీ అందులోంచి వచ్చేవే. 1897లో జార్జ్ స్టిల్ అనే ఇంగ్లండ్ డాక్టరు పిల్లల్లో దీన్ని వర్ణించారు, ఆయన పేరే జబ్బుకు నిలిచింది. పెద్దవాళ్లకూ వస్తుందని 1971లో ఎరిక్ బైవాటర్స్ పద్నాలుగు మంది రోగుల్ని చూపించి రాశారు. ఎక్కువగా 16 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లకు వస్తుంది, ఆ తర్వాత కూడా రావచ్చు. చాలా అరుదు. ఏడాదికి లక్ష మందిలో ఒకరికి కూడా కొత్తగా రాదు. అందుకే చాలామంది డాక్టర్లకు ఇది వెంటనే తట్టదు. అందులో వాళ్ల తప్పు కూడా పెద్దగా లేదు. మన దగ్గర జ్వరాలకు వేరే కారణాలు అన్ని ఉన్నాయి మరి.

ఇది అంటుకోదు. కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు. మా చుట్టాల్లో ఒకామె పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేసింది, అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను.

1. జ్వరాన్ని కాగితం మీద పెట్టండి

వారం దాటిన జ్వరం ఏదైనా సరే, ఈ పని ఈరోజే మొదలుపెట్టండి. మెడికల్ షాపులో డిజిటల్ థర్మామీటర్ కొనండి. చెయ్యి పెట్టి చూసి "కాలిపోతోంది" అనుకుంటే లెక్కలోకి రాదు. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది, ఈ ఐదు వేళల్లో చూసి రాయండి. చలి మొదలైనప్పుడు ఇంకోసారి చూడండి. పారాసిటమాల్ వేసే ముందు చూడాలి, వేసిన టైమ్ కూడా పక్కనే రాయాలి. మాత్ర వేసిన గంటకు చూసి "99 ఉంది, తగ్గింది" అని రాస్తే ఆ కాగితం డాక్టర్‌ని తప్పుదారి పట్టిస్తుంది. చంకలో పెట్టి చూస్తే నోట్లో కంటే కొంచెం తక్కువ చూపిస్తుంది, కాబట్టి రోజూ ఒకేచోట పెట్టి చూడండి.

ఎందుకింత పట్టు అంటే, స్టిల్స్ జ్వరానికి ఒక నడక ఉంటుంది. రోజుకు ఒకసారి, కొందరికి రెండుసార్లు, దాదాపు అదే వేళకు ఎక్కుతుంది. ఎక్కువగా సాయంత్రం పూట. 39 సెల్సియస్, అంటే 102.2 ఫారెన్‌హీట్ దాటుతుంది. కొన్ని గంటల్లో దానంతట అదే మామూలుకు దిగుతుంది. ఆసుపత్రికి మనం వెళ్లేది ఉదయం ఓపీకి. ఆ టైమ్‌కు జ్వరం ఉండదు. "ఇప్పుడు జ్వరం లేదు కదా" అని రాసి పంపిస్తారు. సాయంత్రం ఇంటికి చేరేసరికి మళ్లీ దుప్పట్లే. మా వాడికి మూడుసార్లు ఇలాగే జరిగింది. వారం రోజుల అంకెలు ఒకే కాగితం మీద చూస్తే ఆ ఎత్తుపల్లాలు ఎవరికైనా కనిపిస్తాయి.

2. జ్వరం మీద ఉన్నప్పుడు ఒళ్లు చూడండి

దద్దుర్లు జ్వరంతో వచ్చి జ్వరంతో పోతాయి. పగలు వెతికితే దొరకవు. జ్వరం బాగా ఎక్కినప్పుడు చొక్కా విప్పించి ఛాతీ, వీపు, భుజాలు, తొడలు చూడండి. పుస్తకాల్లో గులాబీ రంగు మచ్చలని రాస్తారు. అది తెల్లతోలు వాళ్ల లెక్క. మన రంగుకు అవి కొంచెం ఎర్రబారిన ముదురు మచ్చల్లా, ఒక్కోసారి ఒట్టి నీడల్లా ఉంటాయి. సాధారణంగా దురద ఉండదు, కొందరికి ఉంటుంది. గోటితో గీరినచోట, బనీను అంచు ఒత్తుకున్నచోట గీతలా తేలడం కూడా ఈ జబ్బులో చూస్తారు.

ఫోన్‌తో ఫోటో తీయండి. ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ లేకుండా, దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి. ఫోన్ ఎలాగూ తేదీ, టైమ్ దాచుకుంటుంది. మా తమ్ముడి దద్దుర్లు మూడు వారాల పాటు ఏ డాక్టరూ కళ్లారా చూడలేదు. చూసింది ఫోటోలే.

3. గొంతు, కీళ్లు, గడ్డలు

చాలామందికి జ్వరానికి ముందో, మొదలైన రోజుల్లోనో గొంతు బాగా నొప్పి పెడుతుంది. గుటక మింగడం కష్టమవుతుంది. యాంటీబయాటిక్ వాడినా తగ్గదు. జనం దాన్ని వేరే జబ్బనుకుని చెప్పడం మర్చిపోతారు. మీరు చెప్పండి.

కీళ్లలో మోకాళ్లు, మణికట్లు, చీలమండలు ముందు పట్టుకుంటాయి. మొదట్లో నొప్పి జ్వరంతోపాటే ఎక్కువై తగ్గుతుంటుంది, తర్వాత వాపు నిలిచిపోవచ్చు. పొద్దున లేవగానే చేతులు బిగుసుకుని ఎంతసేపు ఉంటున్నాయో, లుంగీ ముడి వేసుకోగలుగుతున్నారో లేదో, కాగితంలో ఒక ముక్క రాయండి. మెడ పక్కన, చంకల్లో గడ్డలు తగులుతున్నాయేమో చూడండి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు వస్తే మాత్రం రాసుకుంటూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి. గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం ఈ జబ్బులో ఉంటుంది.

4. పేరు తేలేదాకా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దనండి

ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. ఊళ్లో జ్వరం అనగానే ఒక ఇంజెక్షన్ పడుతుంది. చాలాసార్లు అందులో డెక్సా లాంటి స్టెరాయిడ్, అంటే ఒంట్లో మంటను అణిచేసే మందు, ఉంటుంది. మా వాడికి తొమ్మిదో రోజున అలాంటిదే పడింది. రెండు రోజులు జ్వరం లేదు, ఇల్లంతా ఊపిరి పీల్చుకున్నాం. మూడో రోజు సాయంత్రం మళ్లీ 104. ఆ రెండు రోజుల హాయికి మేము కట్టిన వెల చాలా ఎక్కువ. జబ్బు నడక చెదిరింది, తెల్ల కణాల లెక్క మారింది, తర్వాత చూసిన డాక్టర్లకు అయోమయమైంది. ఒకవేళ అది లింఫోమా లాంటి కేన్సర్ అయి ఉంటే గడ్డ ముక్క తీసి చూసినా సరిగా తెలిసేది కాదు. టీబీ అయి ఉంటే ఇంకా ముదిరేది.

కాబట్టి ఇంజెక్షన్ వేసే ముందు "ఇందులో స్టెరాయిడ్ ఉందా అన్నా?" అని మర్యాదగానే అడగండి. అప్పటికే వేసి ఉంటే పేరు, తేదీ రాసుకుని తర్వాతి డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. కీళ్ల నొప్పులకని పొట్లాల్లో ఇచ్చే పేరులేని పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిపే వాళ్లున్నారు. వాటినీ పక్కన పెట్టండి.

5. మన ప్రాంతపు జ్వరాలన్నీ ఒక్కొక్కటిగా తీసేయించాలి

స్టిల్స్‌ని నేరుగా పట్టిచ్చే ఒక్క పరీక్ష అంటూ లేదు. మిగతావి కాదని తేల్చుకుంటూ వచ్చాకే దీని పేరు చెప్పాలి. ఇక్కడ తొందరపడితే టీబీ రోగికి స్టెరాయిడ్ ఇచ్చినట్టవుతుంది. అందుకే ఈ మెట్టు మీద ఓపిక పట్టండి.

టైఫాయిడ్ గురించి ముందు. విడాల్ పరీక్ష ఒక్కసారి చేసి పాజిటివ్ అంటే అది టైఫాయిడ్ అని నిర్ధారణ కాదు. ఎప్పుడో వచ్చిన జ్వరానికి కూడా అది పాజిటివ్ చూపించగలదు. అసలు పరీక్ష రక్తంలోని క్రిముల్ని పెంచి చూసే బ్లడ్ కల్చర్. అది యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి. ఈ ఒక్క మాట అడిగితే చాలు, సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

డెంగీ, మలేరియా ఎలాగూ చూస్తారు. వరి మళ్లల్లో, రొయ్యల గుంటల్లో, నిలవ నీళ్లలో దిగి పనిచేసే వాళ్లయితే లెప్టోస్పైరోసిస్ చూడమని అడగండి, అది ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వస్తుంది. పొలాల్లో, పొదల్లో తిరిగే వాళ్లకు స్క్రబ్ టైఫస్ వస్తుంది. చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉందేమో ఇంట్లోవాళ్లే వెతకాలి. దానికి డాక్సీసైక్లిన్ ఇస్తే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం విడుస్తుంది. గేదెలు, ఆవులు, మేకలు ఉన్న ఇళ్లల్లో, పచ్చిపాలు తాగే అలవాటు ఉంటే బ్రూసెల్లా కూడా జాబితాలో ఉండాలి. అందులోనూ జ్వరం వచ్చి పోతుంటుంది, నడుమూ కీళ్లూ నొప్పి పెడతాయి. ఇవి కాక టీబీ, హెచ్‌ఐవీ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, లింఫోమా, లూపస్ (రోగాలతో పోరాడే వ్యవస్థ సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బు) ఉన్నాయి. వీటి కోసమే ఛాతీ ఎక్స్‌రే, ఎకో, స్కానింగ్, అవసరమైతే గడ్డ ముక్క పరీక్ష, ఎముక మజ్జ పరీక్ష రాస్తారు. "ఇన్ని పరీక్షలెందుకు, డబ్బు కోసమా" అని మాకూ అనిపించింది. ఈ జబ్బు విషయంలో చాలావరకు అవి అవసరమైనవే.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లకు ఒక మాట. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కావడం వల్ల కీళ్లు, నడుము బిగుసుకుపోవడం తరాలుగా చూస్తున్నారు. ఆ అలవాటులో కీళ్ల నొప్పి అనగానే "నీళ్ల వల్లే" అనేస్తారు. ఫ్లోరైడ్ వల్ల రోజూ సాయంత్రం 103 జ్వరం రాదు. చికున్‌గున్యాలో కీళ్ల నొప్పి నెలల తరబడి ఉన్నా జ్వరం కొద్ది రోజుల్లోనే పోతుంది. నొప్పితోపాటు పెద్ద జ్వరం రెండు వారాలు దాటి నడుస్తుంటే వేరే ఆలోచన చేయాల్సిందే.

6. రక్త పరీక్షల్లో ఏం చూడాలి

సీబీపీతో, అంటే రక్త కణాల లెక్క చూసే పరీక్షతో మొదలు. డెంగీ, టైఫాయిడ్‌లలో తెల్ల కణాలు చాలాసార్లు తగ్గుతాయి, లేదా మామూలుగా ఉంటాయి. స్టిల్స్‌లో పెరుగుతాయి. 10,000 దాటి, చాలామందికి 15,000 కూడా దాటి, అందులో నూటికి ఎనభై పైన న్యూట్రోఫిల్స్ అనే రకం కణాలు ఉంటాయి. ఒంట్లో మంటను చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ బాగా ఎక్కువగా ఉంటాయి. లివర్ ఎంజైములు పెరగొచ్చు. కీళ్లవాతం కోసం చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, లూపస్ కోసం చూసే ఏఎన్‌ఏ సాధారణంగా నెగెటివ్. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ రాగానే "కీళ్లవాతం లేదు" అని ఆ దారే మూసేస్తారు. ఈ జబ్బులో అది నెగెటివ్ ఉండటమే ఒక ఆనవాలు.

ఆ తర్వాత ఫెర్రిటిన్. ఒంట్లో ఇనుము నిల్వను చూసే మామూలు పరీక్ష, నెల్లూరులో, ఒంగోలులో పెద్ద ల్యాబుల్లో చేస్తారు. మామూలుగా కొన్ని వందల లోపే ఉండాలి. స్టిల్స్‌లో అది వేలల్లోకి పోవచ్చు. మా తమ్ముడిది ఎనిమిది వేల పైన వచ్చింది. అయితే ఫెర్రిటిన్ ఒక్కటే చూసి జబ్బు ఖాయం చేయకూడదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో, లివర్ జబ్బుల్లో, కొన్ని కేన్సర్లలో కూడా పెరుగుతుంది. మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ జబ్బు లేదనీ అనకూడదు. మిగతా ఆనవాళ్లన్నీ కలిసినప్పుడు దానికి బలం వస్తుంది.

డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది, 1992లో జపాన్‌కు చెందిన యమగుచి బృందం ఇచ్చినది. పెద్ద ఆనవాళ్లు నాలుగు: 39 డిగ్రీలు దాటే జ్వరం వారం పైన, కీళ్ల నొప్పి రెండు వారాల పైన, వచ్చిపోయే దద్దుర్లు, న్యూట్రోఫిల్స్ ఎక్కువగా ఉన్న తెల్ల కణాల పెరుగుదల. చిన్నవి: గొంతు నొప్పి, గడ్డలు లేదా ప్లీహం వాపు, లివర్ పరీక్షల్లో తేడా, ఆర్‌ఏ, ఏఎన్‌ఏ నెగెటివ్. మొత్తం మీద ఐదు ఉండాలి, వాటిలో పెద్దవి కనీసం రెండు ఉండాలి. ఇన్ఫెక్షన్, కేన్సర్, ఇతర కీళ్లవాతాలు కాదని తేలి ఉండాలి. మీ కాగితం, మీ ఫోటోలు ఇందులో ఎన్నింటికి జవాబు చెబుతాయో చూడండి.

7. ఎవరి దగ్గరికి వెళ్లాలి

మొదట ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టర్. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ బోధనాసుపత్రులు ఉన్నాయి, ఐదో మెట్టులోని పరీక్షల్లో చాలా భాగం అక్కడే మొదలుపెట్టించుకోవచ్చు. వైద్యం నడిపించాల్సింది మాత్రం రుమటాలజిస్ట్, అంటే కీళ్లవాతాల, రోగ నిరోధక వ్యవస్థ జబ్బుల డాక్టర్. ఎముకల డాక్టర్ వేరు, రుమటాలజిస్ట్ వేరు. ఈ తేడా తెలియక మేము పది రోజులు పోగొట్టుకున్నాం.

నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, మద్రాస్ మెడికల్ కాలేజీకి ప్రత్యేకంగా రుమటాలజీ విభాగం ఉంది. వేలూరు సీఎంసీలోనూ, హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ విభాగాలు ఉన్నాయి. ఓపీ ఉదయం కాబట్టి ముందు రోజే చేరుకుంటే రోగికి నయం. జ్వరం సాయంత్రం వస్తుందని తెలుసు కనుక, ప్రయాణంలో థర్మామీటర్, మాత్రలు, ఆరిన చొక్కాలు రెండు చేతిసంచిలో ఉంచుకోండి.

ఫైల్లో పైన ఒకే పేజీ పెట్టండి. జ్వరం మొదలైన తేదీ, వాడిన ప్రతి యాంటీబయాటిక్ పేరు, ఎన్ని రోజులు, తగ్గిందా లేదా, స్టెరాయిడ్ పడిందా, పాత జబ్బులు. కింద జ్వరం కాగితం, తర్వాత రిపోర్టులు తేదీల వరుసలో. ఐదు నిమిషాల్లో డాక్టర్‌కు మొత్తం కథ అందాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే చేరేముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. చేరాక అడిగితే చాలాసార్లు ఆలస్యమవుతుంది.

8. మందులు, వాటితో జాగ్రత్తలు

జబ్బు తేలికగా ఉంటే నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్ లాంటి నొప్పి మాత్రలతో మొదలుపెడతారు. చాలామందికి అవి చాలవు. కనిగిరి వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా నొప్పి మాత్రలు, డైక్లో ఇంజెక్షన్లు వాడొద్దు. పారాసిటమాల్ కూడా లివర్ ఎంజైములు పెరిగి ఉన్నప్పుడు డాక్టర్ చెప్పినన్నే వేయండి, జ్వరం భయంతో మీ ఇష్టానికి పెంచొద్దు.

అసలు మంట ఆర్పేది స్టెరాయిడ్. ఇంతకుముందు వద్దన్నదీ ఇదే, ఇప్పుడు ప్రాణం నిలిపేదీ ఇదే. తేడా అంతా జబ్బు పేరు తేలిందా లేదా అన్నదాంట్లో ఉంది. ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము చొప్పున ఇస్తారు, అంటే అరవై కిలోల మనిషికి రోజుకు 30 నుంచి 60. ఉదయం తిన్నాక వేసుకోవాలి. రెండు మూడు రోజుల్లోనే జ్వరం ఆగిపోవచ్చు. అక్కడే ప్రమాదం. "తగ్గింది కదా" అని ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబడటమే కాదు, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి మందగించి ఉంటుంది కనుక వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం జరుగుతాయి. వారాల మీద, నెలల మీద డాక్టర్ చెప్పినట్టు మెల్లగా దించాలి. మొహం ఉబ్బుతుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది, చిరాకు వస్తుంది. మా తమ్ముడు అద్దం చూసుకుని ఏడ్చిన రోజుంది. మోతాదు దిగాక మొహం మళ్లీ మామూలైంది. షుగర్, బీపీ చూపించుకుంటూ ఉండండి. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి ఇస్తారు, అవి తప్పించొద్దు.

స్టెరాయిడ్‌ని తగ్గించడానికి తోడుగా మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఈ మందు గురించి దయచేసి రెండుసార్లు చదవండి. ఇది వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకునే మాత్ర. పొరపాటున రోజూ వేసుకుంటే రక్త కణాలు పడిపోయి, నోరంతా పుండ్లు పడి, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. చీటీ మీద "వారానికి ఒకసారి, ఆదివారం" అని రోజు పేరుతో సహా రాయించుకోండి. షాపులో వేరే మాత్రలతో కలిపి కవర్‌లో వేసి ఇస్తే విడిగా అడిగి తీసుకోండి. మా ఇంట్లో ఆ స్ట్రిప్ మిగతా మందుల డబ్బాలో ఉండదు, అమ్మ బీరువాలో ఉంటుంది. ఆదివారం రాత్రి అన్నం తిన్నాక ఆవిడే తీసి ఇస్తుంది. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన వేరే రోజున. మద్యం పూర్తిగా మానాలి. సెప్ట్రాన్ లాంటి కోట్రైమాక్సజోల్ యాంటీబయాటిక్ మాత్రలు దీంతో కలిస్తే ప్రమాదం, కాబట్టి ఏ జబ్బుకు ఎవరి దగ్గరికి వెళ్లినా మెథోట్రెక్సేట్ వాడుతున్నామని ముందే చెప్పండి. ఆడవాళ్లు ఈ మందు మీద గర్భం దాల్చకూడదు, చాలా నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్చుకోవాలి. ఇంట్లో మొహమాటపడి ఈ సంగతి దాచొద్దు. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి సీబీపీ, లివర్, క్రియాటినిన్ పరీక్షలు తప్పనిసరి.

వీటితో ఆగకపోతే, లేదా జబ్బు మొదటి నుంచే తీవ్రంగా ఉంటే బయాలాజికల్ ఇంజెక్షన్లు ఉన్నాయి. మంటను నడిపే ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాలను ఇవి అడ్డుకుంటాయి. మొదటి రకంలో అనాకిన్రా, కనాకినుమాబ్, రెండో రకంలో టోసిలిజుమాబ్. మన దేశంలో వీటిలో టోసిలిజుమాబ్ వాడకం ఎక్కువ. 2024లో యూరప్ రుమటాలజీ సంఘాలు పిల్లల్లో వచ్చేదీ పెద్దల్లో వచ్చేదీ ఒకే జబ్బని చెప్పి, ఈ మందులను వీలైనంత త్వరగా మొదలుపెట్టి స్టెరాయిడ్‌ని తగ్గించమని సూచించాయి. ఖర్చు డోసుకు వేలల్లో ఉంటుంది, అందుకే మొదలుపెట్టేముందు ఎన్ని డోసులు, ఎన్నాళ్లు, ఏదైనా సాయం దొరుకుతుందా అన్నది సిగ్గుపడకుండా అడగండి. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్షలు, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయాలి. దాగున్న టీబీ కనిపిస్తే ముందు దానికి మందు. టోసిలిజుమాబ్ మీద ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం, సీఆర్‌పీ పెరగకపోవచ్చని గుర్తుంచుకోండి. నీరసం, దగ్గు, చీము కనిపిస్తే అంకెల కోసం ఎదురుచూడొద్దు. పరగడుపున పసర్లు, లేహ్యాలు ఈ మందులతో కలపొద్దు, లివర్‌కు రెండు వైపుల నుంచి దెబ్బ.

తిండి విషయంలో మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. వంకాయ వాతం, గోంగూర వాతం, చేపలు అసలే వద్దు అని ప్రతి చుట్టం ఒక జాబితా ఇచ్చారు. ఏ కూర వల్లా ఈ జబ్బు రాలేదు, ఏది మానినా పోదు. చేపల పులుసు తినొచ్చు. స్టెరాయిడ్ ఎక్కువగా ఉన్న నెలల్లో మాత్రం ఉప్పు, ఊరగాయలు, అప్పడాలు, తీపి బాగా తగ్గించాలి. అది జబ్బు కోసం కాదు, బీపీ, షుగర్ పెరగకుండా.

9. ఇవి కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి

ఈ జబ్బులో నిజంగా ప్రాణం మీదకు తెచ్చేది మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్. పదిమందిలో ఒకరికో, అంతకంటే కొంచెం ఎక్కువ మందికో ఇది వస్తుంది. రోగ నిరోధక కణాలు అదుపు తప్పి సొంత రక్త కణాలనే తినేస్తాయి. ఎక్కి దిగే జ్వరం దిగడం మానేసి ఇరవై నాలుగు గంటలూ నిలిచిపోతుంది. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, ఒంటి మీద నీలం మచ్చలు, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, మగతగా పడి ఉండటం కనిపిస్తాయి.

రిపోర్టుల్లో ఇంకో మోసం ఉంటుంది. నిన్నటిదాకా 18,000 ఉన్న తెల్ల కణాలు 5,000కు వస్తే, ఈఎస్‌ఆర్ వందనుంచి ఇరవైకి దిగితే "తగ్గుతోంది" అనిపిస్తుంది. మనిషి నీరసిస్తూ అంకెలు బాగుపడుతుంటే అది బాగుపడటం కాదు. ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఫెర్రిటిన్ పదివేలు దాటి పెరుగుతుంటే అది ఎమర్జెన్సీ. 108కి ఫోన్ చేసి ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి, "స్టిల్స్ వ్యాధి ఉంది" అన్న మాట మొదటి వాక్యంలోనే చెప్పండి. అది వినగానే డాక్టర్లు ఆలోచించే దారి మారుతుంది.

10. తగ్గాక

సుమారుగా చూస్తే మూడోవంతు మందికి జబ్బు ఒక్కసారి వచ్చి, నెలల్లోనో ఏడాదిలోనో పూర్తిగా వెళ్లిపోతుంది. ఇంకో మూడోవంతు మందికి మధ్యమధ్యలో తిరిగొస్తుంది. మిగతావాళ్లకు జ్వరం పోయినా కీళ్లవాతం నిలిచిపోతుంది, ముఖ్యంగా మణికట్టు మెల్లగా బిగుసుకుపోవచ్చు. నమస్కారం పెట్టినట్టు అరచేతులు కలిపి మోచేతులు పైకెత్తమని నెలకోసారి చూడండి. రెండు చేతులు పూర్తిగా ఆనకపోతే డాక్టర్‌కు చెప్పండి.

మా వాడికి పద్నాలుగో నెలలో తిరిగొచ్చింది. స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాములకు దిగిన తర్వాత ఒక సాయంత్రం 101. అమ్మ అదే పాత క్యాలెండర్ అలవాటు ప్రకారం రాయడం మొదలుపెట్టింది. రెండో రోజు 102.6, మూడో రోజు 103, మూడూ ఆరింటికే. ఆ మూడు రోజుల అంకెలు, తొడ మీద దద్దుర్ల ఫోటో డాక్టర్‌కు వాట్సాప్‌లో పంపాం. ఆవిడ వెంటనే మందు పెంచమనలేదు. ముందు బ్లడ్ కల్చర్, మూత్ర పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే నెల్లూరులోనే తీయించమన్నారు, ఎందుకంటే ఈ మందుల మీద ఉన్న మనిషికి వచ్చే జ్వరం ఇన్ఫెక్షన్ వల్ల కూడా కావచ్చు. అవి శుభ్రంగా వచ్చాకే మోతాదు మార్చారు. మొదటిసారి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఈసారి ఆరో రోజు సాయంత్రం తమ్ముడు దుప్పటి లేకుండా అరుగు మీద కూర్చున్నాడు.